నిప్పు తగలని చేప

మా నాన్న మంట తీస్తాడు. నూనె చిందినా, బండి గొట్టం తగిలినా, చెరకు పాకం మీద పడినా మా ఊరు ప్రేరీ బాస్‌లో జనం మొదట మా ఇంటి మెట్ల దగ్గరికి వస్తారు, ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్తారు. నాన్న కాలిన చోటికి కాస్త ఎత్తులో అరచెయ్యి పెట్టి, ఫ్రెంచిలో ఒక చిన్న ప్రార్థన పెదవుల మధ్యే చదువుతాడు. అంతే పని. తర్వాత వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. డబ్బు ఇవ్వరు. థాంక్స్ చెప్పరు. చెబితే తీసిన మంట తిరిగి వచ్చేస్తుంది, తీసినవాడి దగ్గరున్న ప్రార్థన కూడా చచ్చిపోతుంది. అందుకని ఎంత మర్యాదస్తుడైనా పని కాగానే టోపీ పెట్టుకుని, వేరే ఏదో మాట అనేసి బండెక్కుతాడు.

మంట తీసేవాడు తనంతట తాను "రా, తీస్తాను" అనకూడదు. కాలినవాడే అడగాలి. ఒకసారితో సరిపోదు, మూడుసార్లు ప్రార్థన పెట్టాలి, ప్రతిసారీ వాళ్ళే వచ్చి అడగాలి.

నాన్నకి ఈ ప్రార్థన ఆయన జ్ఞానతల్లి, బాప్తిస్మంనాడు ఎత్తుకున్న క్లెలీ ఇచ్చింది. ఆడవాళ్ళు మగవాళ్ళకి, మగవాళ్ళు ఆడవాళ్ళకి ఇవ్వాలి. చెవిలో చెప్పాలి, ఎక్కడా రాయకూడదు. ఇచ్చేసినవాళ్ళ దగ్గర ఇక అది ఉండదు. నాన్న తర్వాత నేనే. నాకు తోబుట్టువులు లేరు.

పోయిన చలికాలం క్రాఫిష్ రొయ్యలు పట్టే బుట్టలకి తెగిన తీగలు ముడేస్తూ నాన్న అడిగాడు.

"ఒడెట్, తీసుకుంటావా?"

"ఏమిటి?" అన్నాను, తెలిసే.

"అదే."

నేను తల ఎత్తలేదు. బళ్ళో పేరు పిలిస్తే "ఉన్నాను" అనడానికే నాకు గొంతు పెగలదు. కొట్లో మిగతా చిల్లర తక్కువొచ్చినా అడగలేక ఇంటికి వచ్చేస్తాను. అలాంటిదాన్ని, ఏడుస్తున్న మనుషులు మా మెట్ల మీద కూర్చుని నాకేసి చూస్తుంటే ఎలా?

"ఇప్పుడు కాదు నాన్నా."

"సరేలే. తొందరేముంది" అన్నాడు. తొందర ఉందని అలసటకి వాలిన ఆయన మెడ చూస్తేనే తెలుస్తోంది. ఆ వారంలో మేం ప్రశాంతంగా భోంచేసిన పూట లేదు. గంబో పులుసు, అన్నం కంచంలో పెట్టుకోగానే ఎవరిదో బండి దీపాలు కిటికీ మీద పడేవి. నాన్న చెంచా పక్కన పెట్టి లేచేవాడు. తిరిగి వచ్చేసరికి అన్నం గట్టిపడేది.

ఇక వసంతంలో క్రాఫిష్ పని మొదలైతే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే నాన్న నీళ్ళు పెట్టిన వరి చేలల్లో పడవేసుకుని బుట్టలెత్తడానికి పోతాడు. శనివారాలు నేను కూడా ఎర చేప ముక్కలు వేస్తూ వెనక కూర్చుంటాను. అమ్మ బడి వంటశాలలో వందలమందికి వండి వచ్చి, మళ్ళీ ఇంట్లో మాకు వండుతుంది. అమ్మమ్మ యూలా ఏ పనీ చెయ్యదు గానీ, అందరికంటే ఎక్కువ అలిసిపోయానంటుంది. ఈ ఏడు లూసియానాలో క్రాఫిష్ సరిగ్గా ఎదగలేదు. బుట్ట ఎత్తితే నా చిటికెన వేలంత పిల్లలే వచ్చేవి. నాన్న వాటిని నీళ్ళలోకి ఒంపేసి తరువాతి బుట్టకి పోయేవాడు.

లాండ్రీ విద్రీన్ ఆ రోజుల్లోనే కాలిన చేత్తో మా ఇంటికి వచ్చాడు.

లాండ్రీ మా ఊరివాడే గానీ, చిన్నప్పుడే వాళ్ళమ్మ హ్యూస్టన్ తీసుకుపోయింది. పెద్ద పెద్ద హోటళ్ళలో వంట నేర్చుకుని నిరుడు తిరిగొచ్చి, వడ్లు ఆరబెట్టే పాత మిల్లు కొని అందులో హోటల్ పెట్టాడు. పేరు కూడా 'మిల్లు' అనే పెట్టాడు. ఫ్రెంచి తాతల నాటి మా కేజన్ వంటే, కానీ మేమెవరం గుర్తుపట్టలేం అని ఊళ్ళో అనుకునేవారు. పొరుగూళ్ళ నుంచి, పట్నం నుంచి కార్లు వచ్చేవి. మా వాళ్ళు మాత్రం పక్క నుంచి పోతూ వాసన చూసి వెళ్ళేవారు.

గంబో కోసం పిండిని నూనెలో నల్లగా వేయిస్తుంటే బుడగ పగిలి అతని కుడి చేతి మీద పడిందట. ఆ పిండి మామూలుగా కాలదు, అంటుకుని కాలుతుంది. తడి తువ్వాలు చుట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి ముఖం సున్నం కొట్టినట్టుంది.

"యులీస్ బాబాయ్, మంట తీస్తారా? మా నాన్నమ్మ చెప్పేది, మీ ఇంట్లో తీస్తారని."

అతనికి అడగాలని తెలుసు. ఆ మాత్రం తెలుసు. నాన్న ప్రార్థన పెట్టాడు. కాసేపటికి లాండ్రీ వేళ్ళు కదిపి చూసుకుని, ఏదో అనబోయి, నాన్న ముఖం చూసి ఆగిపోయాడు. రెండోసారి చేను గట్టు మీదికే వచ్చి పెట్టించుకున్నాడు. మూడోసారికి రాలేదు. చెయ్యి బాగానే ఉందనుకున్నాడేమో. నాన్న గుర్తు చెయ్యకూడదు. నాలుగైదు ఆదివారాలు చర్చిలో ఎదురుపడినా నాన్న అతని చేతి వంక చూసి ఊరుకునేవాడు. చర్మం ఇంకా ఎర్రగా, మెరుస్తూ ఉండేది.

అప్పుడు ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల దగ్గర లాండ్రీ నాన్నని పట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటిల్లిపాదీ మా దగ్గర భోంచెయ్యాలి. కాదనకండి."

ఊరికే పెట్టిన భోజనం కూడా మంటకి కట్టిన ఖరీదే. నాన్న వెనక్కి జరిగాడు. "డబ్బు తీసుకుంటావా?"

"అబ్బే, మీ దగ్గరా?"

"అయితే రాం."

"సరే సరే, తీసుకుంటా. రండి చాలు."

అమ్మ ముఖం చూశాను. అమ్మ ఎన్నడూ ఏదీ అడగదు. ఆ రోజు కారులో మాత్రం, "నేను వండనిది, నేను కడగక్కర్లేని గిన్నెలో ఏది పెట్టినా తింటాను యులీస్, రాయి పెట్టినా" అంది. దాంతో అది ఖాయమైంది.

ఆ ఆదివారం నాన్న లోపలికి అడుగుపెడుతూనే, చర్చి విందులో ఇచ్చినట్టు ద్వారం దగ్గరే డబ్బు చేతిలో పెట్టేశాడు. అక్కడున్నది బ్రిజెట్, బళ్ళో నాకంటే రెండు తరగతులు పైన చదివిన పిల్ల. "తిన్నాక ఇవ్వాలి, అంకుల్" అంది. "తిన్నాక నాకు ఓపికుండదు" అన్నాడు నాన్న. అది అబద్ధం కాదు. తెల్లవారుజామున బుట్టలెత్తి, అటునుంచి అటే పూజకి వచ్చి, చొక్కా మార్చుకుని ఇక్కడికి వచ్చాడు.

మిల్లు లోపల పైకప్పు ఎక్కడో ఉంది. పాత ఇనుప గరాటు ఒకటి నడినెత్తిన వేలాడుతోంది. పక్క బల్ల దగ్గర మా ఊరి ముసలాయన దోసితె ఫూస్లియే, వాళ్ళ కోడలి పోరు పడలేక వచ్చినట్టున్నాడు, నాన్నని చూసి టోపీ ఎత్తాడు. మిగతావాళ్ళంతా ఎక్కువగా పట్నం వాళ్ళు. నేను గోడ వైపు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

మొదట గంబో వచ్చింది. కాఫీ కప్పులో. అన్నం అందులో లేదు. అన్నాన్ని పల్చగా రేకులా వేయించి కప్పు మీద నిలబెట్టారు. పక్కన బంగాళాదుంప సలాడ్ చల్లటి ముద్ద, ఐస్‌క్రీంలా.

అమ్మమ్మ కప్పులోకి తొంగి చూసింది. "ఇది గంబోనా, దగ్గు మందా? పూటకి ఎన్ని చెంచాలు తాగమన్నాడు?"

"మెల్లగా అనమ్మా" అంది అమ్మ.

"మెల్లగానే అన్నాను. నా వయసులో గొంతు ఇంతకంటే తగ్గదు." అని ఆ చల్లటి ముద్దని తీసి గుభేలున కప్పులో వేసింది, ఇంట్లో వేసుకున్నట్టే. తిన్నది. మాట్లాడలేదు. మాట్లాడకపోతే బాగున్నట్టే.

బాగుంది నిజంగా. పిండి అంత నల్లగా వేగినా చేదు రాలేదు. అడుగున పొగబెట్టిన బాతు ముక్క ఒక్కటుంది. ఆ ఒక్కదాన్ని నేను చాలాసేపు నోట్లో ఉంచుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని తింటోంది. బడిలో పెద్ద గరిటె తిప్పీ తిప్పీ వాచిన ఆమె మణికట్టు బల్ల మీద ఊరికే పడి ఉంది. దాన్ని అలా ఏ పనీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాతి ప్లేటు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సందులో నాన్న కునికాడు. గడ్డం ఛాతీకి ఆనింది. అమ్మ మోచేత్తో పొడవబోయి, మానేసింది. గుమ్మడి పువ్వులో కూరిన బూడాన్ వచ్చినప్పుడు లేపాం. "నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు నాన్న.

"ఏం చూశావయ్యా?" అంది అమ్మమ్మ.

"పువ్వు."

"పందిమాంసం, అన్నం కలిపి పేగులో కూరితే మన బూడాన్. పువ్వులో కూరితే వీడి బూడాన్. పేగుకేం వచ్చింది రోగం? పాపం పంది ఎంత కష్టపడి పెంచుకుంది!"

దోసితె ముసలాయన పక్క బల్ల నుంచి నవ్వుతూ, "నీ ప్లేటులో మిగిలితే ఇటు పంపించు, యూలా. పువ్వులతో సహా తినేస్తా" అన్నాడు.

"నీకు పళ్ళెక్కడున్నాయి?"

"అందుకే పువ్వు నాకు బాగా కుదిరింది."

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అలాగే అయిపోయి ఇంటికి వెళ్ళిపోతే బాగుండేది.

ఖాళీ ప్లేట్లు తీస్తూ బ్రిజెట్ అమ్మమ్మ వైపు వంగింది. "తర్వాతది లాండ్రీ తనే తెస్తాడట. మీ కోసమనే చేశాడు. అందరి ముందూ ఏదో మాట్లాడతాడట."

"ఏం మాట్లాడతాడు?"

బ్రిజెట్ వంటగది వైపు చూసి గొంతు తగ్గించింది. "యులీస్ అంకుల్‌కి థాంక్స్ చెప్తాడట. అలా చెప్పకూడదని నేను అన్నాను. డబ్బే కదా ఇవ్వకూడనిది, మాటకేముంది, అదీగాక చెయ్యి నయమైపోయింది కదా అంటాడు."

అమ్మమ్మ చేతిలో రుమాలు బల్ల మీద పడింది. "వెళ్ళి వాడి నోటికి గుడ్డ కట్టు."

"నాకు ఉద్యోగం కావాలి అమ్మమ్మా" అని బ్రిజెట్ ప్లేట్లతో వెళ్ళిపోయింది.

"లే యులీస్" అంది అమ్మమ్మ. "ఈ తలుపు నుంచే పోదాం. వాడు బయటికి వచ్చేలోపు కారెక్కుదాం."

నాన్న కదల్లేదు. చేతులు రెండూ బల్ల మీద చాచి ఉన్నాయి. బుట్టల తీగలు గీసుకున్న గీతలు, క్రాఫిష్ పట్టిన గాట్లు. "నాకు లేచే ఓపిక లేదు అత్తమ్మా."

"ఓపిక లేదా! అది పోతుంది. తెలుస్తోందా? క్లెలీ ఇచ్చింది, క్లెలీకి వాళ్ళ మామ ఇచ్చాడు..."

"తెలుసు."

"మరి?"

"చెప్పనివ్వండి" అన్నాడు నాన్న. "ఎన్నేళ్ళుగా పెడుతున్నాను? ఒక్కరన్నా చెప్పారా? చెప్పకూడదు, నిజమే. నేనూ ఆశించలేదు. ఒక్కసారి వినాలనుంది. విన్నాక పోతే పోయింది. తీసుకునేవాళ్ళు ఎలాగూ లేరు."

ఆ చివరి మాట నన్ను చూసి అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. అమ్మ నన్ను చూడకుండా గ్లాసులో నీళ్ళు చూస్తోంది.

"మరి ఆయన చెయ్యి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంకా ఎర్రగానే ఉంది. మూడోసారి పెట్టలేదు కదా."

"అడగలేదు కదమ్మా."

"ఆ రెండుసార్లూ తీసిన మంటలు కూడా వెనక్కి వస్తాయి కదా నాన్నా, థాంక్స్ అంటే."

నాన్న కళ్ళు రుద్దుకున్నాడు. "వస్తాయి" అన్నాడు. అంతే. ఇలా అనగలడని నేను అనుకోలేదు. అర్ధాకలితో లేచి ఎవరెవరి పిల్లల చేతుల మీదో అరచెయ్యి పెట్టిన మనిషి. చెడ్డవాడై అనలేదు. పడవ లాగీ లాగీ తాడు వదిలేసినవాడిలా అన్నాడు. ఆ తాడు రెండో కొస నేను పట్టుకోవలసింది. చలికాలంలోనే పట్టుకోవలసింది.

వంటగది తలుపు ఊగింది. గాజు కిటికీలోంచి లాండ్రీ తెల్ల టోపీ కనిపించింది. అతను ప్లేటు అంచులు గుడ్డతో తుడుస్తున్నాడు. ఇంకా బయటికి రాలేదు.

నేను నాన్న చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, నాకు ఇప్పుడే చెప్పు."

"ఏమిటి?"

"అదే."

నాన్నకి నిద్రమత్తు వదిలిపోయింది. "ఇక్కడా?"

"ఇక్కడే. నాకిచ్చేస్తే నీ దగ్గర ఉండదు కదా. అప్పుడు ఆయన నీకేం చెప్పినా ప్రార్థనకీ తగలదు, ఆ చేతికీ తగలదు. నువ్వు వినొచ్చు."

అమ్మ, "తల్లీ, నీకు ఇష్టమై అడుగుతున్నావా, జాలిపడి అడుగుతున్నావా?" అంది. కోపంగా కాదు. తెలుసుకోవడానికి.

"తెలీదమ్మా. తొందరగా చెప్పమను."

నాన్న కుర్చీ జరుపుకుని నా చెవి దగ్గరికి వంగాడు. ఆయన దగ్గర సబ్బు వాసన, దాని కింద ఎర చేప వాసన. ఒకసారి చెప్పాడు. నాకు ఫ్రెంచి అమ్మమ్మ తిట్లంత మాత్రమే వచ్చు, కానీ ఆ మాటలు చిన్నవి. రెండోసారి చెబుతుంటే బ్రిజెట్ రొట్టెల బుట్టతో వచ్చి, "వెన్న ఇంకా కావాలా?" అంది. అమ్మమ్మ ఆ బుట్ట లాక్కుని, "వెళ్ళు, వెళ్ళు" అంది. మూడోసారి చెప్పాక నేను పెదవులు కదుపుతూ నాన్నకి తిరిగి అప్పజెప్పాను. ఒక మాట దగ్గర తడబడ్డాను. నాన్న సరిచేశాడు. మళ్ళీ చెప్పాను.

"సరిగ్గా ఉంది" అన్నాడు.

వెనక్కి వాలి తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అందులో కొత్తగా ఏమీ లేదు. ఏం ఉండాలి అనుకున్నాడో నాకు తెలియదు.

లాండ్రీ అప్పుడే బయటికి వచ్చాడు. ఎడం చేత్తో ప్లేటు పట్టుకున్నాడు. కుడి చేతి వెనక చర్మం పల్చటి ఎర్రటి కాగితంలా ఉంది. ప్లేటు నాన్న ముందు పెట్టి, హాలు వైపు తిరిగి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"ఒక్క నిమిషం అందరూ. ఈ వంటకం పేరు నిప్పు తగలని చేప. ఇందులో ఏదీ పొయ్యి మొహం చూడలేదు. మన తీరంలో దొరికిన చేపే. చెరకు వెనిగర్లో, నారింజ రసంలో ఊరింది. ఇందులో ఉప్పు ఎండలో ఎండింది. పొగ కూడా పెట్టలేదు. ఎందుకంటే ఇది ఒక మనిషి కోసం చేశాను. ఈ చెయ్యి కాలినప్పుడు ఇక గరిటె పట్టలేననుకున్నాను. ఆయన మంట తీశాడు. యులీస్ బాబాయ్..." అతను నాన్న వైపు తిరిగాడు. "థాంక్స్."

పట్నం వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఊరి వాళ్ళ బల్లల దగ్గర ఫోర్కులు ఆగిపోయాయి. దోసితె ముసలాయన సగం లేచాడు. "ఓరి నీ నోరు పడిపోను! ఏమన్నావురా!"

లాండ్రీ అటూ ఇటూ చూశాడు. "ఏమైంది?"

నాన్న నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి నేను భయపడ్డాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. "ఇంకోసారి అను" అన్నాడు.

"ఏమిటి?"

"ఇప్పుడు అన్నావే, అదే. ఇంకోసారి."

"థాంక్స్ బాబాయ్" అన్నాడు లాండ్రీ, ఈసారి చిన్నగా, తప్పు చేసిన పిల్లాడిలా.

నాన్న తల ఊపాడు. "వినడానికి బాగుంది" అని కూర్చుని ఫోర్కు తీసుకున్నాడు.

దోసితె ముసలాయన ఊరుకోలేదు. మా బల్ల దగ్గరికే వచ్చేశాడు. "యులీస్, అది పోయింది కదయ్యా! మా మనవడి కాలు మీద ఇంకోసారి పెట్టాలి!"

"పోలేదు" అన్నాడు నాన్న చేప నములుతూ. "నా దగ్గర లేదు, అంతే. లాండ్రీ రాకముందే వేరే చోటికి వెళ్ళింది."

ముసలాయన మా నలుగురి ముఖాలు వరసగా చూశాడు. నా దగ్గర ఆగాడు. నేను రొట్టె చూశాను. ఆయన టోపీ ఎత్తాడు. నాకు. నాకు ఇంతవరకు ఎవరూ టోపీ ఎత్తలేదు. చెవులు కాలిపోయాయి.

లాండ్రీకి ఇప్పటికి అర్థమైంది. కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకున్నాడు. "అంటే నేను... నా చెయ్యి? రెండుసార్లే పెట్టించుకున్నాను. మూడోది..."

నాన్న పైకి చూడలేదు. చెప్పకూడదు. అమ్మ చెప్పకూడదు. నేను అసలు చెప్పకూడదు, ఇప్పుడు నాదే కాబట్టి. అమ్మమ్మ మాత్రం పైకప్పులో వేలాడే గరాటుతో మాట్లాడుతున్నట్టు, "ఎవరినన్నా అడగమని నేను అనడంలేదు. మూడోది మిగిలిపోయిందనీ అనడంలేదు. మా ఇంట్లో ఒక పిల్ల బొత్తిగా మాట్లాడదు, దానికి మాటలు రావనుకోవద్దనీ అనడంలేదు. నేను ఒట్టి ముసలిదాన్ని, చేప ఉడకలేదని మాత్రం అంటున్నాను" అంది.

లాండ్రీ నా కుర్చీ పక్కకి వచ్చి వంగాడు. పెద్ద మనిషి, హాలంతా చూస్తుండగా.

"ఒడెట్, మంట తీస్తావా?"

తల ఊపాను. "ఇక్కడ కాదు" అని మాత్రం అనగలిగాను.

వంటగదికి వెళ్ళే సన్నటి నడవాలో వడ్ల బస్తాలు మోసిన పాత బల్ల ఒకటుంది. లాండ్రీ దాని మీద కూర్చున్నాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు, ఎవరో ఆర్డర్లు అరుస్తున్నారు. నేను అరచెయ్యి అతని చేతి మీద కాస్త ఎత్తులో పెట్టాను. అతను కళ్ళు మూసుకున్నాడు, అది నాకు మేలైంది. మొదలుపెట్టాను. తడబడిన మాట దగ్గర నెమ్మదించాను. అది సరిగ్గానే వచ్చింది.

నా చేతికి వేడి తగలలేదు, వెలుగు రాలేదు, ఏమీ కాలేదు. ఒక పెద్ద బరువైన అలసట మాత్రం భుజాల మీదికి వచ్చి కూర్చుంది, రోజంతా పడవ వెనక కూర్చున్నట్టు. చెయ్యి తీసేశాను.

లాండ్రీ వేళ్ళు ముడిచాడు, చాచాడు. నోరు తెరిచాడు. నేను అతన్ని చూశాను. ఏదైనా అంటాడేమోనని చూశాను. అనకూడదని కూడా చూశాను. అతని పెదవులు అలాగే కొంచెంసేపు ఉండి మూతపడ్డాయి. లేచాడు. ఒక్క మాట లేకుండా, నా వైపు మళ్ళీ చూడకుండా వంటగదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు ఊగి ఊగి ఆగింది.

నేను ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. అతను చేసింది సరైన పనే. అయినా, చెంప మీద కొట్టకుండానే కొట్టినట్టు అనిపించింది. ఇంతమంది ఇలా వెళ్ళిపోతుంటే నాన్న ప్రతిసారీ మెట్ల మీద కూర్చుని ఏం చూసేవాడో నాకు అప్పుడు తెలిసింది. బండి వెనక ఎర్ర దీపాలు చూసేవాడు. ఆ తర్వాత లోపలికి వచ్చి గట్టిపడిన అన్నం తినేవాడు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాను. అమ్మమ్మ నిప్పు తగలని చేపని ఫోర్కుతో ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి జరుపుతోంది. నా ప్లేటు ఖాళీగా ఉంది. అందరికీ తెచ్చినప్పుడు బ్రిజెట్ నా కోసం పెట్టిన ముక్కని కూడా నాన్న తినేశాడు. పులుసు కూడా రొట్టెతో తుడిచేశాడు. ఆయన ఒక భోజనం మధ్యలో లేచి వెళ్ళకుండా పూర్తి చెయ్యడం నేను చూసింది అదే మొదలు.

"నాది ఏది?" అన్నాను.

నాన్న మూతి తుడుచుకున్నాడు. "ఆలస్యమైంది కదా. చల్లారిపోతుందని తినేశాను."

అమ్మ నీళ్ళు తాగుతూ పొలమారింది. దగ్గీ దగ్గీ, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తన ప్లేటు నా ముందుకు జరిపింది. అందులో ఇంకా సగం ఉంది. నేను తినడం మొదలుపెట్టాను. వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. దోసితె ముసలాయన, టోపీ చేతిలో పట్టుకుని.

"తిను తల్లీ, తిను" అన్నాడు. "నువ్వు తిన్నాకే అడుగుతాను."